మ్యాకా, విండోసా, లినక్సా: ఎడిటింగ్, డిజైన్, త్రీడీ పనులకు సిస్టమ్ ఎంచుకునే పద్ధతి

మ్యాక్ తీసుకోవాలా, విండోస్ పీసీ అసెంబుల్ చేయించుకోవాలా అనుకోగానే చాలామంది ప్రాసెసర్ పేర్ల దగ్గర మొదలుపెడతారు. అక్కడ మొదలుపెడితే ఎంతకీ తెగదు. మీ దగ్గరకు ఫైలు ఏ రూపంలో వస్తుంది, మీ దగ్గర్నుంచి ఎవరికి ఏ రూపంలో వెళ్తుంది, మధ్యలో మీరు వదులుకోలేని సాఫ్ట్‌వేర్ ఏది? ఈ మూడూ తేల్చుకుంటే ఏ మెషిన్ కొనాలో సగానికి పైగా తేలిపోయినట్టే. అందుకే ఇక్కడ ముందు పని, తర్వాత సాఫ్ట్‌వేర్, ఆ తర్వాతే డబ్బు లెక్క.

## 1. ముందుగా కాగితం మీద రాసుకోవాల్సినవి

గత మూడు నెలల్లో మీరు డెలివరీ ఇచ్చిన పనులన్నీ ఒకసారి చూడండి. ఎప్పుడో చేద్దామనుకున్న పని కాదు, నిజంగా బిల్లు వేసిన పని. వాటిని చూస్తూ ఈ పట్టిక నింపండి.

- లోపలికి వచ్చే ఫైళ్లు: ఏ కెమెరా, ఏ కోడెక్ (వీడియోను కుదించి రాసే పద్ధతి), 8-బిట్టా 10-బిట్టా, 4:2:0నా 4:2:2నా (రంగుల వివరం ఎంత దాచిందో చెప్పే అంకెలు)
- బయటికి వెళ్లే ఫైళ్లు: ప్రెస్సుకా, ఆల్బమ్ ల్యాబుకా, యూట్యూబ్‌కా, డీఐ స్టూడియోకా (సినిమాకు రంగులు సరిచేసే చోటు)
- రోజూ తెరిచే సాఫ్ట్‌వేర్లు, వాటి వెర్షన్ నంబర్లతో సహా
- ప్లగిన్లు, ప్రీసెట్లు, టెంప్లేట్లు
- డాంగిల్‌తో (లైసెన్స్ కోసం యూఎస్‌బీకి తగిలించే తాళం) పనిచేసేవి ఏమైనా ఉంటే అవి
- ప్రింటర్, ఆడియో ఇంటర్‌ఫేస్, పెన్ టాబ్లెట్, పాత స్కానర్ మోడల్ నంబర్లు
- పాత పనుల్లో వాడిన తెలుగు ఫాంట్లు
- మీతో కలిసి పనిచేసేవాళ్లు ఏ సిస్టమ్ మీద ఉన్నారు

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మీరు కట్ చేసి ఇంకొకరికి కలర్‌కు పంపుతుంటే, మీ ఇష్టం కన్నా వాళ్ల సెటప్పే ముఖ్యం.

## 2. ఒక వైపే దొరికేవాటిని గుర్తించండి

కొన్ని సాఫ్ట్‌వేర్లు ఒక్క సిస్టమ్ మీదే నడుస్తాయి. మీ పట్టికలో అలాంటిది ఒక్కటి ఉన్నా ఎంపిక దాదాపు అక్కడితో అయిపోతుంది.

మ్యాక్‌లోనే ఉండేవి: ఫైనల్ కట్ ప్రో (ఐప్యాడ్‌కు వేరే వెర్షన్ ఉంది), లాజిక్ ప్రో, మోషన్, కంప్రెసర్.

విండోస్‌లోనే ఉండేవి: ఎడియస్, త్రీడీఎస్ మ్యాక్స్, తెలుగు టైపింగ్‌కు పేజ్‌మేకర్‌తో కలిపి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్, ఫ్లెక్స్ మెషిన్లకు వచ్చే మెయిన్‌టాప్ లాంటి రిప్ (డిజైన్‌ను ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చే) సాఫ్ట్‌వేర్లు. పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్లలో ఎడియస్ వాడకం బాగా ఉంది. ఏళ్ల తరబడి పోగేసుకున్న ఎడియస్ ప్రాజెక్టులు, టైటిళ్లు ఉన్నవాళ్లు మ్యాక్‌కు మారితే అవన్నీ పాత మెషిన్‌లోనే ఉండిపోతాయి.

రెండింటిలోనూ ఉండేవి: ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్, ప్రీమియర్ ప్రో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, డావిన్చీ రిజాల్వ్, బ్లెండర్, మాయా, హౌడిని, న్యూక్, ప్రో టూల్స్, క్యూబేస్, ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్‌టన్ లైవ్. కోరల్‌డ్రా 2019లో మళ్లీ మ్యాక్‌కు వచ్చింది. అయితే కోరల్ మీదే ఫ్లెక్స్, స్టిక్కర్ కటింగ్ పని నడిపేవాళ్లు అది చూసి మారకండి. మీ కటింగ్ ప్లాటర్‌కు మ్యాక్ డ్రైవర్ ఉందో లేదో కనుక్కోండి, అసలు అడ్డం అక్కడే వస్తుంది.

లినక్స్: అడోబీ సాఫ్ట్‌వేర్లు లినక్స్‌కు లేవు. బ్లెండర్, మాయా, హౌడిని, న్యూక్, రిజాల్వ్ ఉన్నాయి. రిజాల్వ్ ఉచిత వెర్షన్ లినక్స్‌లో హెచ్.264, హెచ్.265 ఫైళ్లను తెరవదు. మామూలు కెమెరా ఫుటేజీ పట్టుకుని ఉచిత రిజాల్వ్, ఉచిత లినక్స్ కలిపి సిస్టమ్ కడదామనుకునేవాళ్లు మొదటి రోజే ఇక్కడ ఆగిపోతారు.

మ్యాక్‌లో విండోస్ వేసుకుని నడిపేద్దాం అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంటుంది. ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ఉండేది. 2020 నవంబరులో వచ్చిన ఎం1 నుంచి అది లేదు. పారలల్స్ అనే ప్రోగ్రాములో నడిచేది విండోస్ 11 ఆర్మ్ వెర్షన్ (ఆపిల్ చిప్ రకానికి సరిపోయే విండోస్). మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ, డాంగిల్‌కో ప్రింటర్‌కో ఆర్మ్ డ్రైవర్ లేకపోతే అంతే సంగతి. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లకూ ఇదే చిక్కు.

## 3. తెలుగు అక్షరాలు: ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే

శుభలేఖలు, ఫ్లెక్సులు, పుస్తకాలు, పత్రికల పేజీలు చేసేవాళ్లు మిగతా అన్నిటికన్నా ముందు దీన్ని తేల్చుకోవాలి.

అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల్ని అమర్చిన ఫాంట్లు అవి. అందువల్ల ఫాంట్ ఫైల్‌ను మ్యాక్‌లోకి ఎక్కించినంత మాత్రాన టైపింగ్ రాదు. కీబోర్డు నుంచి ఆ ముక్కల్ని పేర్చేది అను స్క్రిప్ట్ మేనేజర్, అది విండోస్ ప్రోగ్రాము. అనులో ఆపిల్ లేఅవుట్‌కు అలవాటు పడ్డ ఆపరేటర్ మ్యాక్ ముందు కూర్చుంటే అదే లేఅవుట్ దొరుకుతుందనుకుంటారు. దొరకదు. మ్యాక్‌లో ఉండేవి ఇన్‌స్క్రిప్ట్, క్వెర్టీ పద్ధతులు.

మీకు దారులు మూడు.

ఎ. పని మొత్తం అను మీదే నడుస్తుంటే, ప్రెస్సు కూడా అదే అడుగుతుంటే విండోస్‌లోనే ఉండండి. దీని మీద ఇంకో ఆలోచన అక్కర్లేదు.

బి. వీడియో పని ఎక్కువ, అను పని అప్పుడప్పుడు అయితే మ్యాక్ కొని, పాత విండోస్ పీసీని అమ్మకుండా పక్కన ఉంచుకోండి. అనులో కంపోజ్ చేసిన మేటర్‌ను పీడీఎఫ్‌గానో, అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చిన ఈపీఎస్‌గానో ఇటు తెచ్చుకోవచ్చు.

సి. యూనికోడ్‌కు మారిపోండి. రామభద్ర, ఎన్టీఆర్, మండలి, ధూర్జటి, సూరన్న, గురజాడ, పొన్నాల వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా పనిచేస్తాయి. పాత మేటర్‌ను కన్వర్టర్‌తో మార్చాక ప్రూఫ్ తప్పనిసరిగా చూడాలి. ముఖ్యంగా జంట ఒత్తులు (స్త్ర, క్ష్మ), క్రావడి, పొల్లు, అంకెల పక్కనున్న గుర్తులు తేడా పడుతుంటాయి.

యూనికోడ్ తెలుగు అడోబీలో విరిగిపోతోందని, ఒత్తు కిందికి రాకుండా పక్కన పడుతోందని ఫిర్యాదు చేసేవాళ్లు మ్యాక్‌నో విండోస్‌నో తప్పుపడతారు. కారణం సిస్టమ్ కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగు:

- ఇన్‌డిజైన్: పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. ఏ డాక్యుమెంటూ తెరవకుండా మారిస్తే కొత్త ఫైళ్లన్నిటికీ అదే వర్తిస్తుంది.
- ఇలస్ట్రేటర్: ప్రిఫరెన్సెస్, టైప్, షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టండి. తర్వాత పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోండి.
- ఫోటోషాప్: టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి.
- ప్రీమియర్: ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చండి.

సిస్టమ్‌తో పాటు వచ్చే ఫాంట్లతో డిజైన్ చేయకండి. కోహినూర్ తెలుగు, తెలుగు సంగం ఎంఎన్ మ్యాక్‌తో వస్తాయి, నిర్మలా యూఐ విండోస్‌తో వస్తుంది. ఆ ఫైలు అవతలి సిస్టమ్‌లో తెరిస్తే ఫాంట్ మారి లైన్లు జరిగిపోతాయి.

## 4. వీడియో: ప్రాసెసర్ పేరు కన్నా కోడెక్ ముఖ్యం

రెండు లక్షల పీసీలో కూడా టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోందంటే అసలు కారణం తొంభై పాళ్లు ఇదే. కెమెరా రాసే హెచ్.265 ఫైల్‌ను విప్పడానికి చిప్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉండాలి. అది లేకపోతే ఆ భారం మొత్తం ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది.

సోనీ ఏ7ఎస్ 3, ఎఫ్‌ఎక్స్3, ఏ7 4 లాంటి కెమెరాల్లో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ 10-బిట్ 4:2:2 పెట్టినా, క్యానన్ ఆర్5, ఆర్6లలో సీ-లాగ్‌తో తీసినా వచ్చేది హెచ్.265 4:2:2. దాన్ని ఎవరు విప్పగలరంటే:

- ఆపిల్ సిలికాన్: ఎం1 నుంచి అన్నీ విప్పుతాయి. ప్రోరెస్‌కు (ఆపిల్ ఎడిటింగ్ కోడెక్) ప్రత్యేక ఇంజిన్ మాత్రం మామూలు ఎం1లో లేదు. ఎం1 ప్రో, మ్యాక్స్‌లలో, ఎం2 నుంచి అన్నిటిలో ఉంది.
- ఇంటెల్: 11వ తరం నుంచి డెస్క్‌టాప్ చిప్‌లలోని లోపలి గ్రాఫిక్స్ విప్పుతుంది. దీన్నే క్విక్ సింక్ అంటారు.
- ఎన్విడియా: ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే 4:2:2 విప్పుతుంది. 40 సిరీస్‌లో ఎంత పెద్ద కార్డయినా విప్పదు.
- ఏఎండీ రైజెన్ లోపలి గ్రాఫిక్స్: 4:2:2 విప్పదు.

ఇప్పుడు అందరూ చేసే తప్పు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనైనా, ఇంకెక్కడైనా, కొటేషన్ అడిగితే ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్ రాసిస్తారు: ఐ5 14400ఎఫ్, ఐ7 14700ఎఫ్. గ్రాఫిక్ కార్డ్ వేస్తున్నాం కదా, లోపలి గ్రాఫిక్స్ దండగ అని వాళ్ల లెక్క. గేములు ఆడేవాళ్లకు ఆ లెక్క సరైనదే. మీకు మాత్రం ఎఫ్ ఉంటే క్విక్ సింక్ పోయినట్టే. కొంచెం ఎక్కువైనా ఎఫ్ లేనిదే రాయించండి.

కొన్నాక రెండు పనులు చేయాలి. బయాస్‌లో (పీసీ ఆన్ అవగానే తెరవగలిగే సెట్టింగుల్లో) ఐజీపీయూ మల్టీ-మానిటర్ అనే సెట్టింగును ఆన్ చేయండి, లేకపోతే కార్డు పెట్టగానే లోపలి గ్రాఫిక్స్ ఆగిపోవచ్చు. తర్వాత ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా విభాగానికి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్ కింద ఇంటెల్ టిక్ ఉందో లేదో చూసి రీస్టార్ట్ చేయండి.

పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం తేలిక. టైమ్‌లైన్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద ఇంటెల్ గ్రాఫిక్స్ అని ఉన్న జీపీయూ తెరవండి. వీడియో డీకోడ్ గ్రాఫ్ లేస్తే పనిచేస్తున్నట్టు. అది నేల మీదే ఉండి సీపీయూ 100 శాతం చూపిస్తే పనిచేయనట్టు.

ఒక మెలిక: ఇంటెల్ విప్పేది హెచ్.265 4:2:2 మాత్రమే, హెచ్.264 10-బిట్ 4:2:2ను విప్పదు. సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ 10-బిట్ పెట్టి తీస్తే వచ్చేది ఇదే. ఇంటెల్ పీసీ ఉన్నవాళ్లు కెమెరాలో హెచ్‌ఎస్‌కు మార్చుకోవాలి, లేదా ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు వాడే తేలిక నకళ్లు) చేసుకోవాలి. ప్రోరెస్ ప్రాక్సీ 1080, 25 ఫ్రేములకు గంటకు సుమారు 17 జీబీ పడుతుంది. పాత మెషిన్‌తోనే ఇంకో ఏడాది నెట్టుకురావాలనుకుంటే ప్రాక్సీ కన్నా చవకైన మార్గం లేదు.

మీ కెమెరా 8-బిట్ 4:2:0 మాత్రమే రాస్తే ఈ గొడవంతా మీకు వర్తించదు. ఆరేళ్ల లోపు మెషిన్ ఏదైనా దాన్ని ప్లే చేస్తుంది.

## 5. త్రీడీ, వీఎఫ్‌ఎక్స్, మోషన్ గ్రాఫిక్స్

ఇక్కడ తూకం విండోస్ వైపు, ఇంకా చెప్పాలంటే ఎన్విడియా వైపు మొగ్గుతుంది. రెండర్‌ను గ్రాఫిక్ కార్డు మీద నడిపించే సీయూడీఏ (CUDA), ఆప్టిక్స్ రెండూ ఎన్విడియావే. మ్యాక్‌లో ఎన్విడియా కార్డుకు చోటు లేదు, ఆపిల్ సిలికాన్‌కు బయటి జీపీయూ కూడా తగిలించలేం. బ్లెండర్‌లోని రెండర్ ఇంజిన్ సైకిల్స్ 3.1 వెర్షన్ (2022 మార్చి) నుంచి ఆపిల్ గ్రాఫిక్స్ పద్ధతి మెటల్‌తో మ్యాక్ జీపీయూ మీద నడుస్తోంది. రెడ్‌షిఫ్ట్, ఆక్టేన్ కూడా మ్యాక్‌కు ఉన్నాయి. నేర్చుకోవడానికి, మోడలింగ్‌కు అది చాలు. రెండర్ల మీద బతికేవాళ్లకు మాత్రం అదే డబ్బుకు ఎన్విడియా పీసీ ఎక్కువ పని చేసి పెడుతుంది.

కార్డు ఎంచుకునేటప్పుడు వేగం కన్నా వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) ముందు చూడండి. సీన్ వీర్యామ్‌లో పట్టకపోతే రెండర్ బాగా నెమ్మదిస్తుంది లేదా మధ్యలో ఆగిపోతుంది. 8 జీబీ కార్డుతో ఇంటీరియర్ వాక్‌త్రూలు చేయడం కష్టం. ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 8 జీబీ, 16 జీబీ రెండు రకాలున్నాయి. బిల్లులో 16 జీబీ అని రాయించుకోండి.

లినక్స్ పెద్ద వీఎఫ్‌ఎక్స్ స్టూడియోల సంగతి. అక్కడ రాకీ లినక్స్ వంటివి వాడతారు, సిస్టమ్ వాళ్లే ఇస్తారు. ఇంట్లో ప్రాక్టీసు చేసేవాళ్లు విండోస్‌లో న్యూక్, హౌడిని నేర్చుకున్నా అక్కడ ఇబ్బంది పడరు. ఫైల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను లినక్స్ పట్టించుకుంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

## 6. సంగీతం, డబ్బింగ్, సౌండ్

మీ సెషన్లు ఏ స్టూడియోకు వెళ్తాయో అక్కడి డా (DAW, అంటే రికార్డింగ్, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్) ఏదో కనుక్కోండి. లాజిక్ అయితే మ్యాక్. మిగతావి దాదాపు అన్నీ రెండు వైపులా ఉన్నాయి.

మ్యాక్‌లో సౌండ్ చూసుకునే కోర్ ఆడియో సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి చాలా ఇంటర్‌ఫేస్‌లు పెట్టగానే పనిచేస్తాయి. విండోస్‌లో కంపెనీ ఇచ్చే ఏసియో డ్రైవర్ వేయాలి. అది సరైనదైతే రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (ధ్వనిని పోగేసుకుని పంపే మోతాదు) అంటే 2.7 మిల్లీసెకన్లు. గాయకులు హెడ్‌ఫోన్‌లో తమ గొంతు ఆలస్యంగా వినిపిస్తోందంటే ముందు చూడాల్సింది బఫర్ సైజు, కంప్యూటర్ కాదు.

ప్లగిన్ల విషయానికొస్తే, ఆడియో యూనిట్ అనే రకం మ్యాక్‌కే, వీఎస్‌టీ3 రెండింటికీ ఉంది. కొన్న ప్లగిన్లు ఒక్కోటి రెండు వైపులకూ లైసెన్స్ ఇస్తాయో లేదో అకౌంట్‌లోకి వెళ్లి చూసుకోండి.

## 7. ర్యామ్, స్టోరేజీ లెక్క

మ్యాక్‌లో ర్యామ్ తర్వాత పెంచుకోలేరు. కొన్న రోజు ఎంతో, అమ్మే రోజు వరకూ అంతే. డెస్క్‌టాప్ పీసీలో స్లాట్లు ఖాళీ ఉంటే పెంచుకోవచ్చు. అందుకని పీసీకి 16 జీబీ స్టిక్కులు రెండు వేయించి రెండు స్లాట్లు వదిలేయండి, మ్యాక్‌కు మాత్రం మూడేళ్ల తర్వాత అవసరం ఊహించి తీసుకోండి.

ఆల్బమ్ డిజైనర్లకు ఒక లెక్క. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో 3600×10800 పిక్సెళ్లు. 8-బిట్ ఆర్‌జీబీలో నిండా ఉన్న ఒక్కో లేయర్‌కు దాదాపు 117 ఎంబీ పడుతుంది. పది లేయర్లంటే 1 జీబీ దాటింది, హిస్టరీ అదనం. నాలుగు షీట్లు ఒకేసారి తెరిచి పెట్టుకునే అలవాటుంటే 16 జీబీ ఇరుకే. 32 తీసుకోండి.

వీడియో అయితే ఇలా: 100 ఎంబీపీఎస్ ఫుటేజీ గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తీస్తే 540 జీబీ. అదే ఫుటేజీని ప్రోరెస్ 422 4కే, 25 ఫ్రేములుగా మారిస్తే గంటకు సుమారు 221 జీబీ అవుతుంది. దీన్ని బట్టి:

- సిస్టమ్, సాఫ్ట్‌వేర్లకు ఒక ఎస్‌ఎస్‌డీ (కనీసం 500 జీబీ)
- నడుస్తున్న పనులకు వేరే 2 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ)
- అయిపోయిన పనులకు హార్డ్‌డిస్కులు, ఒక్కో పనికి రెండు కాపీలు

మ్యాక్‌లో లోపలి స్టోరేజీకి ఆపిల్ అడిగే ధర చూసి భయపడక్కర్లేదు. 512 జీబీ తీసుకుని, ఫుటేజీకి బయట యూఎస్‌బీ-సీ లేదా థండర్‌బోల్ట్ ఎన్‌వీఎంఈ డబ్బా పెట్టుకోవచ్చు. అదనంగా పెట్టే డబ్బు ర్యామ్ మీద పెట్టండి.

## 8. ధర: మెషిన్ రేటు కాదు, టేబుల్ మొత్తం రేటు

ఎం4 మ్యాక్ మినీ 2024లో ఇక్కడ 59,900 రూపాయలకు వచ్చింది, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీతో. మానిటర్, కీబోర్డు, మౌస్, బయటి డ్రైవ్ మీవే. ధరలు మారుతుంటాయి కాబట్టి పోలిక ఇవాళ్టి కొటేషన్‌తోనే చేయాలి. ఈ వరసలన్నీ రెండు వైపులా నింపండి:

- మెషిన్, మానిటర్, డ్రైవ్‌లు
- సాఫ్ట్‌వేర్ మూడేళ్లకు (నెలవారీ చందా అయితే 36తో గుణించండి)
- మళ్లీ కొనాల్సిన ప్లగిన్లు
- యూపీఎస్
- పాడైతే బాగు చేసేవాళ్లు మీ ఊళ్లో ఉన్నారా, రానుపోను ఎన్ని రోజులు
- మూడేళ్ల తర్వాత అమ్మితే వచ్చేది
- జీఎస్టీ బిల్లు (రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 18 శాతం ఇన్‌పుట్ కింద తిరిగి వస్తుంది)

యూపీఎస్ వరస మన ఊళ్లలో చిన్నదేం కాదు. ఎం4 మ్యాక్ మినీ ఎంత గట్టిగా పనిచేసినా 65 వాట్లు దాటదు. 600 వీఏ యూపీఎస్ మీద మానిటర్‌తో కలిపి హాయిగా నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 5070 కార్డే 250 వాట్లు, దానికి ఐ7 ప్రాసెసర్ తోడైతే రెండర్ సమయంలో 500 వాట్లు దాటవచ్చు. 1 కేవీఏ యూపీఎస్ చాలావరకు 600 వాట్లకే వస్తుంది కాబట్టి 1.5 కేవీఏ వేయాలి. కరెంటు పోగానే పీసీ కూడా టప్పున ఆగిపోతోందంటే యూపీఎస్ చిన్నదైనా అయి ఉండాలి, దాని అవుట్‌పుట్ తరంగం మీ పవర్ సప్లైకి పడకపోయినా అయి ఉండాలి. ఇలాంటి పీసీలకు ప్యూర్ సైన్‌వేవ్ రకం అడగండి.

మధ్యాహ్నం కరెంటు పోయే ఊళ్లో ఒక్కరే కూర్చుని 4కే ఎడిటింగ్ చేసుకునేవాళ్లకు మ్యాక్ మినీ లాంటి బేరం ఇంకోటి లేదని గట్టిగా చెప్పవచ్చు. డీటీపీ, ఫ్లెక్స్, ఆల్బమ్, వీడియో అన్నీ ఒకే షాపులో నడిపేవాళ్లకు విండోసే మేలని కూడా అంతే గట్టిగా చెప్పవచ్చు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు రెండు హెచ్చరికలు. ఇంటెల్ మ్యాక్‌లు ఎంత చవకగా వచ్చినా వద్దు. మ్యాక్‌ఓఎస్ 26 టాహో వాటికి ఆఖరిది. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని పాత పీసీలు కూడా వద్దు.

## 9. డబ్బు కట్టే ముందు పరీక్ష

యూట్యూబ్ బెంచ్‌మార్కులు మీ పని కాదు. ఒక ఎస్‌ఎస్‌డీలో మీ సొంత ప్రాజెక్టు వేసుకుని షోరూముకో, అదే మోడల్ ఉన్న స్నేహితుల దగ్గరకో వెళ్లండి. షోరూములో సాఫ్ట్‌వేర్ వేయనివ్వకపోతే తెలిసినవాళ్ల మెషినే గతి.

1. మీ కెమెరా ఫుటేజీ పది నిమిషాలు, మీరు వాడే ఎల్‌యూటీ (రంగుల ప్రీసెట్), టైటిళ్లు, నాయిస్ రిడక్షన్‌తో సహా టైమ్‌లైన్ సిద్ధం చేసుకోండి.
2. ఫుల్ రిజల్యూషన్‌లో ప్లే చేయండి. రిజాల్వ్‌లో వ్యూయర్ పైనుండే ఎఫ్‌పీఎస్ చుక్క ఎరుపుకు తిరిగితే ఫ్రేములు పడిపోతున్నట్టు.
3. ఎక్స్‌పోర్ట్‌ను వెంటవెంటనే మూడుసార్లు చేయండి. మూడోది మొదటిదాని కన్నా బాగా ఆలస్యమైతే మెషిన్ వేడెక్కి తగ్గుతోందన్నమాట. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ, పల్చటి విండోస్ ల్యాప్‌టాప్‌లలోనూ ఇది బయటపడుతుంది.
4. విండోస్ ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసేసి ఇంకోసారి చేయండి. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ వేగం బాగా పడిపోతుంది.
5. మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ గ్రాఫ్ చూడండి. పచ్చగా ఉంటే సరే. పసుపు, ఎరుపుకు వెళ్తే ఆ ర్యామ్ మీకు చాలదు.
6. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ను ఫోన్‌లో, టీవీలో, ఇంకో కంప్యూటర్‌లో చూడండి.

ఆరోది ఎందుకంటే, మ్యాక్‌లో రిజాల్వ్ నుంచి తీసిన వీడియో క్విక్‌టైమ్‌లో వెలిసినట్టు కనిపిస్తుంటుంది. గామా ట్యాగును (వెలుగునీడలు ఎలా చూపాలో ఫైల్‌లో చెప్పే గుర్తు) రెండు ప్రోగ్రాములు రెండు రకాలుగా చదవడమే కారణం. ఫైల్ పాడవలేదు. యూట్యూబ్, ఫోన్ల కోసమైతే గామా ట్యాగును రెక్.709-ఏకు మార్చి తీసి చూడండి. క్విక్‌టైమ్‌కు సరిపోవాలని గ్రేడ్‌నే ముదురు చేస్తే మిగతా అన్నిచోట్లా నల్లబడుతుంది.

## 10. రెండు సిస్టమ్‌ల మధ్య ఫైళ్లు తిరిగేటప్పుడు వచ్చే చిక్కులు

డ్రైవ్ మ్యాక్‌లో కాపీ అవడం లేదు. అది విండోస్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్. మ్యాక్ చదువుతుంది, రాయదు. అటూ ఇటూ తిరిగే డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. అయితే ఎక్స్‌ఫ్యాట్‌కు జర్నలింగ్ (మార్పుల చిట్టా రాసుకోవడం) లేదు, ఎజెక్ట్ చేయకుండా పీకితే ఫోల్డర్లు పోయే ప్రమాదం ఉంది. దాని మీదే ప్రాజెక్టు నడపకండి, రవాణాకు మాత్రమే వాడండి.

విండోస్‌లో ప్రతి క్లిప్పూ రెండుసార్లు కనిపిస్తోంది, ఒకటి తెరుచుకోదు. చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఆ చిన్న ఫైళ్లు మ్యాక్ రాసుకున్నవి. ఇంపోర్ట్ చేయకుండా వదిలేయండి.

ఫైల్ విండోస్‌లోకి రావడం లేదు. పేరులో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులున్నాయేమో చూడండి. ఫోల్డర్ లోపల ఫోల్డర్‌గా పేరు 260 అక్షరాలు దాటినా ఇదే గొడవ. పెళ్లి పేర్లు, ఊరు, తేదీ అన్నీ ప్రతి ఫోల్డర్ మీదా రాయకండి.

మీడియా ఆఫ్‌లైన్. విండోస్ డ్రైవ్‌కు ఈ, ఎఫ్ అని అక్షరాలిస్తుంది, మ్యాక్ డ్రైవ్ పేరు చూస్తుంది. ఫోల్డర్ల అమరిక చెదరకుండా ఉంటే ఒక్క క్లిప్పును రీలింక్ చేస్తే మిగతావి వాటంతటవే దొరుకుతాయి.

## 11. మారాలని తేల్చుకుంటే, మారే వరస

సీజన్ మధ్యలో మారకండి. మూఢం రోజులు దీనికి చక్కగా సరిపోతాయి.

1. పాత మెషిన్‌లో పెండింగ్ పనులు అక్కడే పూర్తి చేయండి. సగం పనిని కొత్తదానికి తేవద్దు.
2. ప్రాజెక్టుల్ని సర్దండి: ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్, ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్, రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ ఆర్కైవ్.
3. లైసెన్సులు డీయాక్టివేట్ చేయండి. రిజాల్వ్ స్టూడియో కీ రెండు మెషిన్లలో నడుస్తుంది, మూడోదానికి పాతది వదులుకోవాలి.
4. కొత్తదాంట్లో ముందు ఫాంట్లు, తర్వాత సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత ప్లగిన్లు వేయండి.
5. 3వ భాగంలోని తెలుగు సెట్టింగులు పెట్టి, ఒత్తులు బాగా ఉన్న ఒక పేరా టైప్ చేసి చూడండి.
6. మానిటర్‌ను కాలిబ్రేట్ చేయండి. పాత మెషిన్ ప్రొఫైల్ కొత్తదానికి పనికిరాదు.
7. గతంలో డెలివరీ అయిపోయిన ఒక చిన్న పనిని మొదటి నుంచి చివరి వరకు కొత్తదాంట్లో మళ్లీ చేయండి. ప్రింటు పనైతే ల్యాబ్ నుంచి ఒక షీటు వేయించి పాతదాని పక్కన పెట్టి రంగులు చూడండి.
8. కంట్రోల్ నుంచి కమాండ్‌కు వేళ్లు అలవాటు పడేదాకా డెడ్‌లైన్ గట్టిగా ఉన్న పని ఒప్పుకోకండి. ప్రీమియర్, రిజాల్వ్‌లలో మీ పాత షార్ట్‌కట్‌లను ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకుంటే సగం కష్టం తగ్గుతుంది.
9. పాత మెషిన్‌ను మూడు నెలలు అమ్మకండి. పాత కస్టమర్ వచ్చి పోయినేడాది శుభలేఖలో తేదీ మార్చి ఇమ్మంటే ఆ ఫైల్ తెరుచుకునేది దాంట్లోనే.